నాచు డాక్టరమ్మ మూత్రపిండాల పాఠం

తొమ్మిదేళ్లు నాచు మీద పరిశోధన చేసిన మనిషి మూత్రపిండాల పాఠం చెప్పబోవడాన్ని నేల విడిచి సాము అనక ఏమంటారు? ఇంట్లో ఆమెను నాచు డాక్టరమ్మ అనేవారు. గోడ మీద ఎండి నల్లబడ్డ నాచు ఒక్క చినుకు పడగానే ఎలా పచ్చబడుతుందో ఆమెను అడగాలి. అడిగేవాళ్లే లేరు. ఇది ఏడో ఇంటర్వ్యూ. నర్సింగు కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెప్పే ఉద్యోగం. జీవశాస్త్రంలో డాక్టరేటు ఉంటే చాలన్నారు, పావుగంట పాఠం చెప్పి చూపించమన్నారు.

పది రోజులుగా పుస్తకం ముందేసుకుని కూర్చుంది. సాయంత్రం చదివింది పొద్దున్నకు ఆవిరైపోయేది. ముప్పై ఎనిమిదేళ్ల బుర్ర కొత్త పేర్లు వినగానే మొరాయించేది.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు వదినను పట్టుకుంది. వదిన ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రాల దగ్గర పనిచేస్తుంది. డ్యూటీ దిగి వచ్చి, వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుంది.

"చెప్పు, వింటా. కునుకు పడితే మాత్రం తిట్టకు."

బీరువా తలుపుకు మూత్రపిండం బొమ్మ అంటించి ఆమె మొదలుపెట్టింది. నాలుగో నిమిషానికి వదిన తల వాలిపోయింది.

"వదినా!"

"వింటున్నానే తల్లీ. గొట్టం తర్వాత గొట్టం, దాని తర్వాత ఇంకో గొట్టం. అవి పాడైతే మనిషి గతేంటో ఒక్క ముక్క చెప్పావా?" వదిన కళ్లు నులుముకుంది. "మా దగ్గరికి ఒక మాస్టారు వస్తారు. రోజంతటికీ మూడు గ్లాసుల నీళ్లే. మించితే ఒళ్లు ఉబ్బి ఊపిరాడదు. దాహం ఆగక ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు. అది చెప్పు ముందు."

ఆమె మంచం అంచున కూలబడింది. "వాళ్లు ఒక్క ప్రశ్న అటూ ఇటూ తిప్పి అడిగితే నేను నోరెళ్లబెడతాను."

"తెలియదని చెప్పు. తెలియకపోయినా తెలుసనేవాళ్లతోనే మాకు భయం."

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. ఆమె మాస్టారి దాహంతోనే మొదలుపెట్టింది. మూత్రపిండాలు రోజుకు నూట ఎనభై లీటర్లు వడకట్టి, దాదాపు అంతా తిరిగి ఒంటికే ఇచ్చేస్తాయని చెప్పింది. చివర్లో ఒక పెద్దావిడ ఫలానా మందు ఏ గొట్టం దగ్గర పనిచేస్తుందని అడిగారు.

"తెలియదండీ. చదివి చెబుతాను."

ప్రిన్సిపాలు కళ్లజోడు తీశారు. "నాచు వదిలేసి ఇటెందుకు వచ్చారమ్మా?"

దీనికి ఆమె చక్కని జవాబు బట్టీపట్టే వచ్చింది. తీరా ఆ సమయానికి అప్పజెప్పే ఓపిక లేకపోయింది.

"అక్కడ ఉద్యోగాల్లేవండీ. కానీ ఈ పాఠం నేనూ మొన్ననే నేర్చుకున్నాను. పిల్లలు ఎక్కడ తికమకపడతారో నాకింకా గుర్తుంది."

పెద్దావిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఉద్యోగం వేరే ఎవరికో ఇచ్చారు. అయితే మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే లెక్చరరు సెలవు మీద వెళ్తున్నారనీ, ఆర్నెల్లు ఆ క్లాసులు తీసుకోగలరా అనీ కింద అడిగారు. సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. రెండిటికీ ఓపిక లేదు.

"వెళ్తావా?" అంది వదిన.

"వెళ్లకేం చేస్తాను? సోమవారం ఊపిరితిత్తులట."

ఒప్పుకుంటున్నట్టు రెండు వాక్యాల జవాబు రాసి పంపి, ఆ పాఠం ఏ పేజీలో ఉందో వెతకడం మొదలుపెట్టింది.