గుమ్మం వైపు చెప్పులు

కౌసల్యమ్మ వంగి, పై వరస గూళ్ళలోని చెప్పుల్ని జత తర్వాత జత బయటికి తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, మొన గుమ్మం వైపు వచ్చేలా తిప్పి మళ్ళీ పెడుతోంది. పొద్దుటి షిఫ్టు ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి చాలాసేపయింది. తడి ఏప్రాన్ల వాసన, మందుపొడి చేదు కలిసి గదిలో అలాగే నిలిచి ఉన్నాయి.

గడ్డపోతారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది అది. మధ్యలో అడ్డంగా ఓ బల్ల. బల్లకు ఇవతల బయటి చెప్పులు విప్పి గూట్లో పెట్టాలి. బల్ల మీద కూర్చుని కాళ్ళు అవతలికి వేసి, లోపలి తెల్ల చెప్పులు తొడుక్కోవాలి. టోపీ, మూతిగుడ్డ, ఏప్రాన్ ఆ తర్వాత. ఏప్రాన్లు ఉతకడం, గది కడగడం, గూళ్ళు సర్దడం కౌసల్యమ్మ పని. చెప్పుల్ని తిప్పి పెట్టమని మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు. పొద్దంతా నిలబడి అలసిపోయి వచ్చేవాళ్ళు, కాలు పెట్టగానే చెప్పు దొరకాలని ఆమెకే తోచింది. అలా తిప్పినందుకు జీతం పెరగలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు, కాకపోతే ఆమె సెలవు పెట్టిన రోజున అందరూ గూళ్ళ దగ్గర తడుముకునేవాళ్ళు.

ఆ గూళ్ళకు నంబర్లుండటానికి ఒక కారణం ఉంది. ఓసారి పక్క బ్లాకులో మంటలు లేచాయి. ఎవరు బయటపడ్డారో, ఎవరు లోపల చిక్కుకున్నారో తెలియక తల్లులూ మొగుళ్ళూ గేటు పట్టుకుని ఏడ్చారు. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణాలూ పోలేదు. అప్పట్నుంచి మనిషికో గూడు. గూట్లో చెప్పులుంటే మనిషి లోపలున్నట్టు, లేకపోతే వెళ్ళిపోయినట్టు. సంతకం పెట్టడం మరిచిపోవచ్చు గానీ, బయట కంకర రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో ఎవరు నడుస్తారు? మేనేజరు నుంచి గేటు కాపలా కాసే సోమయ్య దాకా ఆ లెక్కనే నమ్మేవారు. గేటు ముందు ఆటోలు పెట్టుకునే వాళ్ళకు కూడా అది తెలుసు.

కౌసల్యమ్మ గూడు కింది వరసలో చివరిది. అందులో మెరూన్ రంగు చెప్పులు, ఇత్తడి బకిల్ ఉన్నవి. తనవి తను ఎన్నడూ తిప్పుకోలేదు. పొద్దున విడిచినవి విడిచినట్టే గోడ వైపు చూస్తూ పడుండేవి.

ఆమె సన్నగా, పొట్టిగా ఉంటుంది. కుడి మణికట్టు కొంచెం వంకర. తడి ఏప్రాన్ పిండేటప్పుడు ఆ చెయ్యి పూర్తిగా తిరగదు. అందుకని ఒక కొస కుళాయికి చుట్టి ఎడమ చేత్తో పిండుతుంది. ఎవరైనా అడిగితే నీళ్ళ బిందెతో జారిపడ్డానని చెప్పేది. ఎక్కువమంది అడిగేవాళ్ళు కాదు. అడగనందుకు ఆమె వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకునేది.

ఆ చెయ్యి విరిచింది ఆమె భర్త మొగులయ్య. విరిచిన చేతిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ ఆస్పత్రికి తీసుకుపోయిందీ అతనే. కట్టు విప్పేదాకా అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. కూతురు స్వరూపకు జడలు వంకరటింకరగా వేసి బడికి పంపాడు. ఆ తర్వాత సంగారెడ్డి తీసుకెళ్ళి, దుకాణంలో అందరూ చూస్తుండగా నేల మీద మోకాళ్ళూని, ఆమె పాదం తన తొడ మీద పెట్టుకుని, మెరూన్ చెప్పు బకిల్ తనే పెట్టాడు.

"బిగువైతుందా? సక్కగ సూసి చెప్పు," అన్నాడు.

అలాంటి మనిషిని వదిలి ఎవరైనా ఎలా వెళ్తారు? అలాంటి మనిషితో ఎవరైనా ఎలా ఉంటారు? ఈ రెండు ప్రశ్నల నడుమ ఆమెకు పదిహేనేళ్ళు గడిచిపోయాయి. కొడితే వచ్చేయొచ్చు కదా అనడం బయటివాళ్ళకు తేలిక. మొగులయ్య తాగుబోతు కాదు, అయివుంటే చెప్పుకోవడానికి ఒక సాకైనా దొరికేది. పటాన్‌చెరు రోడ్డు మీద ఆటో నడిపేవాడు. పొద్దున ఆమెను గేటు దగ్గర దించి, సాయంత్రం ఎక్కించుకుని పోయేవాడు. "రాణి లెక్క తోలుకపోతడు," అని తోటివాళ్ళు ఉడికించేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ రోడ్డు మీద తిరిగే ఆటోవాళ్ళంతా అతని దోస్తులే. ఆమె ఏ ఆటో ఎక్కినా, ఎక్కడ దిగినా, ఆమె కంటే ముందు ఆ కబురు అతనికి చేరేది. అది ప్రేమో కాపలానో ఆమెకే చాలాకాలం తెలియలేదు.

వెళ్ళలేదని కాదు. మొదటిసారి పుట్టింటికి పోయింది. అన్న అంజయ్య పెద్దమనుషుల్ని పిలిపించాడు. మొగులయ్య బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అన్న చీర పెట్టి, "ఇగ మంచిగుంటడులే చెల్లె," అని సాగనంపాడు. అన్నకు ఆమె మీద ప్రేమ లేక కాదు. అంతకు మించి అతనికేమీ తోచలేదు.

రెండోసారి ఎవరికీ చెప్పలేదు. బిడ్డను తీసుకుని పటాన్‌చెరు బస్టాండు దాకా నడిచింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చివరికి ధైర్యం చేసి ఒకటి ఎక్కింది. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. ఆమె నోట్లో ఏ ఊరి పేరూ లేదు. వదిలి రావాల్సిన ఇల్లు తెలుసు గానీ, చేరాల్సిన చోటు తెలియదు. కండక్టరు రెండోసారి విసుగ్గా అడిగేసరికి తన ఊరి పేరే చెప్పింది. ఆ బస్సు అటు పోదన్నాడతను. దిగిపోయి, చీకటి పడకముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది.

మూడోసారి వీరలక్ష్మి ఇంటికి పోయింది. వీరలక్ష్మి ప్యాకింగ్ సెక్షన్ ఇన్‌చార్జి, కాకినాడ మనిషి. భర్త త్రినాథరావుకు సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం, వాళ్ళది క్వార్టర్స్ కాపురం. వీరలక్ష్మి ఏమీ అడక్కుండా పక్క వేసి, పెరుగన్నం పెట్టింది. నాలుగు రోజులు తిరక్కుండానే మొగులయ్య తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి గడప బయట కూర్చున్నాడు. లోపలికి రాలేదు, ఒక్క మాట అనలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాడంతే. కౌసల్యమ్మ తనంతట తనే చెప్పులు తొడుక్కుని అతని వెనక నడిచింది.

మర్నాడు ఫ్యాక్టరీలో వీరలక్ష్మి ముఖం చూడలేకపోయింది. తిడుతుందనుకుంది. ఇక నా గడప తొక్కకంటుందనుకుంది. వీరలక్ష్మి బల్ల మీద కూర్చుని టోపీ పెట్టుకుంటూ, మామూలుగా అంది:

"మా తాళంచెవి కరెంటు మీటరు డబ్బాలో ఉంటుంది కౌసల్యా. మేం లేకపోయినా తీసుకోవచ్చు. మళ్ళీ వస్తావో రావో నీ ఇష్టం. చోటు చెప్పానంతే."

కౌసల్యమ్మ ఆ రోజు ఏప్రాన్లు ఉతుకుతూ కుళాయి ధార కింద ఏడ్చింది. దెబ్బలకు కూడా అంత ఏడవలేదు. తిరిగి వెళ్ళినదాన్ని చేతగానిదానిగా చూడని మనిషి లోకంలో ఒకరున్నారని ఆ రోజు తెలిసింది ఆమెకు.

ఇదంతా పాత సంగతి. మెరూన్ చెప్పుల పట్టీలు రెండుసార్లు మార్పించింది. స్వరూప సంగారెడ్డిలో హాస్టలు చేరి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం మొగులయ్య మిర్చిబజ్జీలు తెచ్చి, నవ్వుతూ, నవ్విస్తూ అందరికీ పంచాడు. అతను బయటికెళ్ళాక పిల్ల తల్లి పక్కన చేరి మెల్లగా అంది:

"అమ్మా, నాయిన కొట్టేటప్పటికన్న మంచిగున్నప్పుడే నాకు ఎక్కువ భయమైతది."

కౌసల్యమ్మ చేతిలోని బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. పిల్లకు తండ్రి ఉండాలనే కదా ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. తను పదిహేనేళ్ళుగా పేరు పెట్టలేకపోయినదానికి పిల్ల పేరు పెట్టేసింది. మర్నాడే వీరలక్ష్మి దగ్గరికి పోయి, "అక్కా, నాకొక ఊరి పేరు కావాలె," అని అడిగింది.

వీరలక్ష్మి సొంత అక్క కాకినాడలో కాలేజీ పిల్లలకు మెస్సు నడుపుతోంది. వంటకు మనిషి కావాలి, ఉండటానికి వెనక గది ఉంది. అన్నీ కుదుర్చుకునేసరికి దసరా వచ్చింది. ఈ రోజు నుంచి హాస్టలుకు సెలవులు. త్రినాథరావు గారితో పంపమని కౌసల్యమ్మ మొన్న ఆదివారమే వార్డెనమ్మకు చెప్పి వచ్చింది. పిల్లను ఆయన సికింద్రాబాద్ స్టేషనుకు తెస్తారు.

అందుకని ఇవాళ ఆమె ప్రతి పనీ ఇంకాస్త నెమ్మదిగా చేసింది. ఏప్రాన్లను మరో నీళ్ళలో జాడించింది. బల్ల కాళ్ళ సందుల్లో చెయ్యి దూర్చి కడిగింది. ముఖం మీద మచ్చలున్న రోజుల్లో తనను దాచిన మూతిగుడ్డల్ని ఎండలో ఆరేసి, ఒక్కోటి మడతపెట్టింది. దేవుడి పటం ముందు కూడా ఆమె ఎప్పుడూ అంత శ్రద్ధగా నిలబడి ఉండదు. ఈ గోడల మధ్య తన మీద ఎవరూ చెయ్యెత్తలేదు. దానికి ఎవరికి దండం పెట్టాలో తెలియక గదికే పెట్టింది.

షిఫ్టు విడిచారు. ఆడవాళ్ళు గలగలా వచ్చి, కాళ్ళు బల్ల ఇవతలికి వేసి, చెప్పుల్లో దూర్చి వెళ్ళిపోయారు. గూళ్ళు ఖాళీ అయ్యాయి, చివరిది తప్ప. కౌసల్యమ్మ తన చెప్పుల ముందు కూర్చుంది. ఒక్కసారి బకిల్ ముట్టుకుంది. మోకాళ్ళూనిన మనిషి కళ్ళ ముందు కదిలాడు. ఆ మనిషి అబద్ధం కాదు. అబద్ధమే అయివుంటే ఎప్పుడో వెళ్ళిపోయేది. ఇన్నేళ్ళూ ఆ మనిషి మళ్ళీ వస్తాడనే ఉంది, అతను వస్తూనే ఉన్నాడు కూడా, ప్రతి దెబ్బ తర్వాతా.

లేచి, తెల్ల చెప్పులతోనే బయటికి నడిచింది.

స్టాఫు వ్యాను కదిలింది. వీరలక్ష్మి పక్కన, టోపీ, మూతిగుడ్డతో కౌసల్యమ్మ. గేటు దగ్గర సోమయ్య ఆపి లోపలికి తొంగిచూశాడు. లోపలి చెప్పులు గేటు దాటితే ఆ కంపెనీలో పెద్ద నేరం. అతని చూపు సీట్ల కింద నుంచి వచ్చి తెల్ల చెప్పుల మీద ఆగింది. వంకర మణికట్టు మీద ఆగింది. కౌసల్యమ్మ కాళ్ళు సీటు కిందికి లాక్కుంది.

"అందరు స్టాఫే. పోనియ్ రా భై," అని డ్రైవరుతో అని, సోమయ్య అడ్డకర్ర పైకెత్తాడు.

గేటు అవతల చాయ్ బండి పక్కన మొగులయ్య ఆటో ఉంది. అతను వెనక సీటు మీది దుమ్ము గుడ్డతో తుడుస్తున్నాడు, ఆమె కూర్చునే వైపు. మూలల్లోకి వేళ్ళు దూర్చి మరీ తుడుస్తున్నాడు. మెడ మీద చొక్కా చెమటకు తడిసి ఉంది. ఆమె చెయ్యి దానంతటదే కిటికీ మీదికి పోయింది.

వీరలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకోలేదు. "దిగాలనుంటే చెప్పు కౌసల్యా. ఆపిస్తాను. నేనేమీ అనుకోను," అంది మెల్లగా.

ఆటో వెనకబడింది, చాయ్ బండి వెనకబడింది. పెద్ద రోడ్డెక్కి వ్యాను వేగం అందుకున్నాక, "ఆపకురి," అంది కౌసల్యమ్మ. ఏడుస్తూనే అంది.

స్టేషనులో స్వరూప పుస్తకాల సంచితో నిలబడి ఉంది. త్రినాథరావు గారు టికెట్లు తీసుకొస్తానంటే కౌసల్యమ్మ వద్దని, తనే వరసలో నిలబడింది. కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండా, "ఎక్కడికి?" అన్నాడు.

"కాకినాడ," అంది ఆమె. ఒకసారి సరిపోదన్నట్టు మళ్ళీ, "కాకినాడకు," అంది.

వెనక జరిగిన సంగతులు తర్వాత ఫోనులో వీరలక్ష్మి చెబితే తెలిశాయి. మొగులయ్య ఆ సాయంత్రం పొద్దు గూకేదాకా సోమయ్యను అడుగుతూనే ఉన్నాడట. అడిగినప్పుడల్లా సోమయ్య గది దాకా పోయి, వంగి, చివరి గూట్లోకి చూసి వచ్చేవాడట.

"చెప్పులు గూట్లనే ఉన్నయి మొగులన్నా."

అందులో అబద్ధం లేదు. "ఆ చెప్పులిడిచి నా కౌసల్య యాడికి పోతది," అని నవ్వి, అతను మళ్ళీ ఆటోలో కూర్చున్నాడట. అసలు సంగతి తెలిశాక నెల్లాళ్ళు గేటు చుట్టూ తిరిగాడు. ప్యాకింగ్ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఆపి బతిమాలాడు, బెదిరించాడు. కాకినాడ అన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. ఊరి పేరు వాళ్ళందరికీ తెలుసునని విన్న రోజున కౌసల్యమ్మ అన్నం పళ్ళెం పక్కకు జరిపి, కూతుర్ని దగ్గరికి తీసుకుని ఒక్కొక్క పేరే తలుచుకుంది.

తెల్ల చెప్పుల్ని ఆమె కడిగి ఆరబెట్టి వీరలక్ష్మికి పంపించింది. అవి సోమయ్య కంట పడకుండానే లోపలికి చేరాయి. మెస్సులో ఇప్పుడు రెండు పూటలా వంట, గుమ్మం బయట కుప్పగా కాలేజీ పిల్లల చెప్పులు. వాళ్ళు తింటున్నంతసేపట్లో ఆమె వాటిని వీధి వైపు తిప్పి పెడుతుంది. నిద్రలో ఆటో చప్పుడు వింటే ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తుంది. పక్కన పిల్ల మాత్రం కాళ్ళు చాపుకుని పడుకుంటోంది.

కింది వరస చివరి గూటిని ప్యాకింగ్ ఆడవాళ్ళు కొత్తవాళ్ళెవరికీ ఇవ్వనివ్వలేదట. అందులోని మెరూన్ చెప్పుల్ని షిఫ్టుకొకరు దుమ్ము తుడిచి, మొన గుమ్మం వైపు తిప్పి పెడుతున్నారట.