నలుగురు మోసే గరిటె

యెషయా పొడవాటి కడ్డీతో కరిగిన ఇనుము మీది చిట్టెం పక్కకు లాగుతున్నాడు. వంగిన నడుము, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. తడిసిన మాస్కు పెదవులకు అంటుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా కొలిమి మోతలో కలిపేస్తున్నాడు.

క్లాండాల్కిన్‌లోని ఆ ఫౌండ్రీ విక్టోరియా రాణి కాలంలో పెట్టింది. రాణి పోయి నూరేళ్ళు దాటింది గాని, ఆనాటి రూలు ఒకటి చావలేదు. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే పోత గరిటెను నలుగురు మోయాలి. ఒకడు రాకపోతే మిగతా ముగ్గురినీ కూలి లేకుండా ఇంటికి పంపేస్తారు. మనిషికి మనిషినే కాపలా పెట్టిన మహానుభావుడెవరో!

గాజువాకలోనూ అతనిది ఇదే పని. భార్య పుష్పవతికి నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెనకే సముద్రాలు దాటి ఈ పరాయి దేశానికి వచ్చాడు. ఇవాళ పొద్దున ఆమె డ్యూటీ దిగి వచ్చి అతని నుదురు తాకింది.

"ఒళ్ళు కాలిపోతోందండీ. జీపీ డాక్టరుకి ఫోన్ చేస్తాను, మానేయండి."

"నేను మానితే ఖాదర్ వాళ్ళూ ఇంటికే పుష్పా. వాడి భార్యకి నెలలు నిండాయి."

"కరోనా వార్డులో రోజూ చూస్తున్నాను. నాకు భయమేస్తోంది."

అతను రెండు జ్వరం మాత్రలు మింగి బయల్దేరాడు. గేటు దగ్గర థర్మామీటరు ఏమీ అనలేదు.

రెండు మీటర్ల దూరం పాటించమని గోడ మీద రాసి ఉంది. గరిటె కాడలకు అంత పొడవు లేదు. నలుగురూ భుజాలు రాసుకుంటూ ఎత్తారు. యెషయా వైపు గరిటె కిందికి వాలింది.

"అన్నా, పానం మంచిగ లేదా?" అన్నాడు ఖాదర్.

"కొలిమి సెగరా. పద."

ఖాదర్‌కు అనుమానం రాకపోలేదు. కానీ చెబితే ఆ రోజు పని పోతుంది. మాట్లాడకుండా ఇంకా దగ్గరికి జరిగి, యెషయా వైపు బరువు కూడా తన మీదికి తీసుకున్నాడు. పాపం, మంచివాడు. సాయంత్రం దాకా అలాగే పోశారు.

మర్నాడు యెషయాను అంబులెన్సు తీసుకుపోయింది. ముగ్గురినీ ఇంటికి పంపేశారు. వారం తిరక్కముందే, పుష్పవతి పనిచేసే వార్డులోనే, అతని ఊపిరి ఆగింది.

ఖాదర్‌కు ఆమే ఫోన్ చేసింది. "మీ అన్న లేరు తమ్ముడూ."

అతను ఏడవబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు.

పుష్పవతి కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "ఎప్పట్నుంచి ఈ దగ్గు? మీ ఆవిడ ఏ గదిలో పడుకుంటోంది?"

ఖాదర్ మంచం దిగి, పక్కనున్న భార్యకు దూరంగా గోడ దాకా జరిగాడు.

ఫౌండ్రీలో ఇసుక కుప్ప మీద యెషయా తోలు చేతితొడుగులు ఉండిపోయాయి, చెమటకు గట్టిపడి, వేళ్ళు ఇంకా మడుచుకునే.