పేరు కొట్టిన టిఫిన్ డబ్బా

చేతులు జోడించడం దశరథానికి నెల రోజుల్లో అలవాటైంది గాని, నోరు మాత్రం మాట వినలేదు. డీఎస్పీగా రిటైరై, పార్టీ టికెట్టు తెచ్చుకుని ఎమ్మెల్యేగా నిలబడ్డ మనిషి, ఓటరు ఎదురుపడగానే "ఏం పేరు? తండ్రి పేరు?" అని అడిగేవాడు. ఎదుటివాడు చేతులు కట్టుకుని చెప్పేవాడు. ప్రచారమంతా నెత్తిన వేసుకున్న లింగమూర్తి వెనక నుంచి గొణిగేవాడు.

"అన్నా, నువ్వు ఓటడుగుతున్నవ్. వాంగ్మూలం తీస్తలేవ్."

అందరూ నవ్వేవాళ్లు. ఆయన భార్య అనసూర్య నవ్వేది కాదు.

పోలింగుకు ఆరు రోజులుందనగా లింగమూర్తి పొద్దున్నే వచ్చి చేదు కబురు చెప్పాడు. మరమగ్గాల కాలనీలో ఉండే గంగుబాయిని ఎల్లుండి చౌరస్తా మీటింగులో అవతలి పార్టీవాళ్లు స్టేజీ ఎక్కిస్తున్నారట.

పద్దెనిమిదేళ్ల కింద దశరథం ఇదే ఊళ్లో సీఐ. కూలి రేట్ల కోసం మగ్గాలు బంద్ పెట్టినప్పుడు గంగుబాయి భర్త పర్శరాములును పోలీసులు ఇంటి నుంచి పట్టుకుపోయారు. మూడో రోజు అతని శవం కాలువలో తేలింది.

"వాన్ని టేషన్‌కే తేలే. కాగితాలున్నయ్," అన్నాడు దశరథం.

"కాగితాలు ఓట్లెయ్యవన్నా. కాలనీల నాలుగు వేల ఓట్లు."

దశరథం భార్య వైపు తిరిగాడు. "నువ్వు పో. చీర వెట్టు, బొట్టు వెట్టు. స్టేజీ ఎక్కకుండ జూడు. ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకుంటే అయిపోతది."

అనసూర్య వంటింట్లోకి పోయింది. పై అరలో కందిపప్పు పోసుకునే స్టీలు డబ్బా దించి, పప్పును పేపరు మీద కుప్పగా పోసింది. డబ్బా కడిగి తుడిచింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు. పర్శరాములు – గంగుబాయి. కింద పెండ్లి తారీఖు.

పర్శరాములును పట్టుకుపోయిన సాయంత్రం గంగుబాయి సీఐ క్వార్టర్ గేటు దగ్గర ఈ డబ్బాతోనే నిలబడింది. స్టేషన్‌లోకి రానివ్వలేదంది. అనసూర్య డబ్బా అందుకుని, "నేను పంపిస్త. రేపు ఇడుస్తరు, పో," అంది. కానిస్టేబులు చేతికిచ్చి పంపింది కూడా. పొద్దున డబ్బా ఖాళీగా వచ్చింది, కడిగి. తర్వాత కాలువ వార్త విన్నప్పుడు ఆమె పట్టుకున్నది ఆ ఒక్క సంగతినే: ఆ మనిషి ఆకలితో పోలేదు, అన్నం నా చేతుల మీదుగా పోయింది. ఎనిమిది బదిలీల్లో ఎన్నో సామాన్లు పారేసింది గాని ఆ డబ్బాను పారేయలేదు. తిరిగి ఇవ్వడానికీ కాళ్లు రాలేదు.

అనసూర్య, లింగమూర్తి కాలనీకి పోయేసరికి గంగుబాయి మోటారు మీద నూలు కండెలు చుడుతోంది. సోలాపూర్‌లో పుట్టి పెరిగి ఇక్కడికి కోడలై వచ్చిన మనిషి. వీళ్లను చూసి మోటారు ఆపింది. చుట్టుపక్కల ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు.

"సీఐ సారు పెండ్లామా? రా అమ్మా, కూసో. పద్దెనిమిదేండ్లకు తొవ్వ దొరికిందా మా ఇంటికి?"

"బొట్టు వెట్టు వదినా," అంటూ లింగమూర్తి ఫోను పైకెత్తాడు. ప్రచారమంతా అలాగే పార్టీ పేజీలో లైవ్ పెట్టడం అతని పద్ధతి.

అలవాటు కొద్దీ కుంకుమ భరిణె తీసిన అనసూర్య, ఆ బోసి నుదురు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆగినవేంది? ఇప్పుడు యాదికొచ్చిందా?" అంది గంగుబాయి.

అనసూర్య చీర తీయలేదు. సంచీలోంచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టింది. గంగుబాయి మూత మీద బొటనవేలితో అక్షరాలు తడిమింది.

"పుంటికూర పప్పు వెట్టిన దీంట్ల. ఉప్పెక్కువైందని తొవ్వంత పరేషానైన." తలెత్తింది. "ఒక్క మాటడుగుత. తిన్నడా?"

"పాత ముచ్చట్లెందుకక్కా," అన్నాడు లింగమూర్తి.

"నిన్నడుగుతలేను."

"తిన్నడు," అంది అనసూర్య. "ఒక్క మెతుకు మిగల్లే. డబ్బ ఖాళీ జేసి పంపిన్రు."

గంగుబాయి కళ్లు మూసుకుంది. ముఖంలో ఏదో కాస్త వదులైంది. "తిన్నడట," అంది పక్కింటామెతో. "నా చేతి బువ్వ తిన్నడట." కొంగుతో ముఖం తుడుచుకుని, కళ్లు తెరిచి, సరిగ్గా ఫోను వైపు చూసింది.

"అయితే టేషన్లనే ఉన్నడు."

లింగమూర్తి ఫోను దించేసరికే రెండువందల మంది చూస్తున్నారు.

మధ్యాహ్నం దశరథం అన్నానికి కూర్చున్నాడు. వీడియో చూడలేదు, గంగుబాయి ఆఖరి మాటను లింగమూర్తి ఫోన్లో చెబితే విన్నాడంతే.

"ఏం జెప్పినవ్?"

"తిన్నడని చెప్పిన."

"వాడు తిన్నడని నీకెవలు జెప్పిన్రు?"

"డబ్బ ఖాళీగ వచ్చింది గద."

దశరథం ముద్ద కలుపుతూ విసుక్కున్నాడు. "డబ్బ వొచ్చేటాలకే వాడు లేడు. డ్యూటీల ఉన్నోళ్లం పంచుకుని తిన్నం. అదేం వంట, ఉప్పు కషాయం. దానికి నువ్వు పోయి ఊరందరి ముంగట సాక్ష్యం జెప్పొస్తివి."

అనసూర్య గరిటె గిన్నెలో పెట్టేసింది. ఉప్పు. పద్దెనిమిదేళ్లుగా దాచుకున్న ఆ ఒక్క సంగతి ఈయన కంచం దగ్గర ఇట్లా తేలింది.

"తిన్నం అంటున్నరు. మీరు గూడనా?"

దశరథం చెయ్యి ఆగింది. ముప్పై ఏళ్లు అడగడమే గాని అడిగించుకోవడం తెలియని మనిషి. కంచం వైపు చూసి, దాన్ని ముందుకు జరిపాడు.

"పెరుగెయ్యి," అన్నాడు. "లింగమూర్తి వస్తుండు. ఇంకో వీడియో తియ్యాలె. డబ్బ సంగతి నాకెరుకలేదు, వాడు టేషన్‌కు రాలే, ఏం తినలే, నేను పొరపాటుగ అన్న అని చెప్పు. నాలుగు ముక్కలు. సమజైందా?"

తినలేదన్నది నిజమే. ఆ నిజం ఇప్పుడు ఈయనకు కావాలి. కాలనీలో ఒక మనిషి పద్దెనిమిదేళ్ల తర్వాత ఇవాళే అన్నం సయించి తింటుందేమో. పొద్దున ఆ మాట నమ్మి చెప్పింది. ఇక నుంచి తెలిసి చెప్పాలి.

వంటింట్లో పేపరు మీద కందిపప్పు అలాగే కుప్పగా ఉంది. బయట లింగమూర్తి బండి ఆగిన చప్పుడైంది.

"ఏం చెప్పాల్నో యాదుంది గద?" అన్నాడు దశరథం, చెయ్యి కడుక్కుంటూ.

"ఉంది," అంది అనసూర్య. "తిన్నడనే చెప్త."