తాగిన గ్లాసులు

తన స్వస్థత కోసం తన ఇంట్లోనే జరిగిన ప్రార్థన కూడికకి వచ్చినవాళ్ళు తాగి వెళ్ళిన టీ గ్లాసులు తనే కడుగుతోంది ఆమె. సింకు నిండిపోయింది. ఒక గ్లాసులో ఎవరో బిస్కెట్టు ముంచి మర్చిపోయారు. ఆసుపత్రిలో మందు ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పటినుంచి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి ఉంటున్నాయి, నీళ్ళు తగిలితే సూదులు గుచ్చినట్టవుతోంది. అయినా ఆమెకి నవ్వొచ్చింది. అన్ని చేతులు తన తలమీద పెట్టి కన్నీళ్ళతో ప్రార్థించారు గానీ, వాటిలో ఒక్క చెయ్యీ సింకు దాకా రాలేదు.

"గిన్నెల సబ్బు అయిపోవచ్చింది, చూశావా?" అని కేకేసింది హాల్లోంచి అత్తగారు. ఆవిడ చెడ్డమనిషేం కాదు. కోడలికి రొమ్ములో గడ్డ అని తెలిసిన రోజు వలవలా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "మరి వంట సంగతేంటి?" అని అడిగింది.

భర్త సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పించేది ఆయనే. దేవుడు తమకి చేసిన మేలు ఎవరు లేచి చెప్పినా, చివర్న ఆయన మైకు అందుకుని "ఆమేన్" అంటాడు. అప్పుడే సంఘమంతా అంటుంది, అప్పుడే ఆ సాక్ష్యం ముగిసినట్టు. ఇంట్లోనూ అదే పద్ధతి. భోజనం ముందు ఆమె ప్రార్థన చేసినా ఆమేన్ మాత్రం ఆయనదే. పెళ్ళైన కొత్తలో ఒకసారి తనే అనేస్తే, "అంత తొందరేంటి, నేను లేనా?" అన్నాడు నవ్వుతూ. ఆ రోజు తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ ఆమెకి తెలియదు.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సమ్మ.

"అమ్మా, సోమవారం మందుకి మీరు రావట్లేదంటగా? మీ ఆయన ఫోన్ చేసి ఇక అక్కర్లేదన్నారు. డాక్టరమ్మ మిమ్మల్నే అడగమంది."

ఆమె కుళాయి కట్టేసింది. కిందటిసారి పరీక్ష చేసి డాక్టరమ్మ చెప్పింది బాగా గుర్తుంది. "గడ్డ చేతికి తగలట్లేదు. మందు బాగా పనిచేస్తోంది. మిగతాది కూడా పూర్తిచేసి ఆపరేషన్ చేద్దాం. మధ్యలో ఆపితే ప్రాణం మీదికొస్తుంది." పక్కనే కూర్చున్న భర్త అందులో మొదటి మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఫోన్ల మీద ఫోన్లు. గడ్డ మాయమైంది, స్తోత్రం!

"మళ్ళీ చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసి, తడిచేతులతోనే హాల్లోకి వెళ్ళింది. "ఏమండీ, మందు వద్దని చెప్పారా?"

"రేపు నువ్వు సాక్ష్యం చెప్పాలి కదా. బాగైపోయిందని చెప్పి, ఎల్లుండి ఆసుపత్రికి పరిగెడితే సంఘం ఏమనుకుంటుంది?"

"చెప్తానని నేనెప్పుడన్నాను?"

"పాస్టరుగారికి నేను మాటిచ్చాను. బైబిల్లో రక్తస్రావంతో బాధపడిన ఆ స్త్రీకి వైద్యుల వల్ల ఏం ఒరిగింది చెప్పు? ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకుంది, బాగుపడింది. నీకే విశ్వాసం తక్కువ."

"వాడు నీ మంచికే చెప్తాడమ్మా" అంది అత్తగారు. "ఆ మందుకెళ్ళొచ్చిన ప్రతిసారీ నువ్వు మంచం దిగవు. ఇల్లు ఇల్లులా ఉంటోందా?" అసలు కష్టం ఎక్కడుందో ఆవిడ తనకి తెలియకుండానే బయటపెట్టేసింది.

ఆమె వంటగదిలోకి తిరిగొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది. తనకి విశ్వాసం తక్కువట! జుట్టు రాలిపోయిన వారం, తను టైపిస్టుగా పనిచేసే బడిలో హెడ్‌మాస్టరు, "పిల్లల తల్లిదండ్రులు వస్తుంటారు, కొన్నాళ్ళు లోపలిగదిలో కూర్చోండి" అన్నప్పుడు, కిటికీ లేని ఆ గదిలో తనకి తోడున్నది ఎవరు? చేతికి సూది గుచ్చి, చుక్క చుక్కగా మందు దిగుతుంటే కళ్ళు మూసుకుని "ప్రభువా, నా చెయ్యి వదలకు" అని ఎన్నిసార్లు అనుకుంది! ఆయన వదల్లేదు. ఆ సీసాలోనూ ఆయనే ఉన్నాడని ఆమెకి ఎప్పుడూ అనుమానం రాలేదు. అయినా ఆ స్త్రీ కథ ఈయన సరిగ్గా చదవనే లేదు. ఆవిడ బాగైపోయానని ముందే చాటించుకుని ఇంట్లో కూర్చుందా? అంత గుంపునీ తోసుకుంటూ, తన కాళ్ళమీద తను నడిచి వెళ్ళింది. ఎవరి అనుమతీ అడగలేదు.

చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. "నర్సమ్మా, సోమవారం వస్తున్నాను. ఇకమీదట నా సంగతి నాతోనే మాట్లాడండి." సింకులో ఇంకా సగం గ్లాసులున్నాయి. వాటిని అలాగే వదిలేసి వెళ్ళి పడుకుంది.

మర్నాడు ఆరాధనలో భర్త గొంతు ఖంగుమంది. "మా ఇంట్లో ప్రభువు చేసిన అద్భుతాన్ని ఇప్పుడు నా భార్య చెబుతుంది."

ఆమె తలకి కట్టుకున్న స్కార్ఫు సర్దుకుని, ముందుకెళ్ళి మైకు తీసుకుంది.

"గడ్డ కరుగుతోంది. దేవునికి స్తోత్రం. పూర్తిగా బాగైపోయిందని చెప్పమన్నారు. ఇంకా కాలేదు. రేపు మందుకి వెళ్తున్నాను, ఆ తర్వాత ఆపరేషన్‌కి కూడా. ఆ మందు ఇచ్చిందీ దేవుడే, నన్ను అక్కడిదాకా నడిపిస్తున్నదీ దేవుడే. ఇదే నా సాక్ష్యం."

భర్త మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఒక్క మనవి. నాకోసం ప్రార్థన ఆపకండి. తప్పకుండా మా ఇంటికి రండి. టీ మాత్రం మీరే పెట్టుకోండి, తాగిన గ్లాసులు మీరే కడిగి వెళ్ళండి."

ఆడవాళ్ళ వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అందరి చూపులూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన పెదవులు కదల్లేదు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఆమె కూడా ఒక్క క్షణం ఆగింది.

తర్వాత, "ఆమేన్" అంది తనే.