వియ్యాలవారి విస్తళ్లు

చెంచుల పిల్ల పక్కన మేం తినమని హాస్టల్లో తోటివాళ్లు లేచిపోతుంటే, మమత ఓర్చి ఓర్చి చివరికి నంద్యాల నుంచి ఇంటికి వచ్చేసింది. నర్సింగు చదువూ వద్దు, ఏమీ వద్దని కూర్చుంది. గూడెంలో అంతవరకు చదివింది అదొక్కతే. తల్లి చెంచమ్మకు అన్నం సహించడం లేదు.

అప్పుడే అహోబిలం నరసింహస్వామి పారువేటకు కొండ దిగాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని ఊరూరా తిరిగి తానే పిలుచుకునే దేవుడాయన. పల్లకి ఆళ్లగడ్డకు వచ్చిన రోజు కిరాణా వ్యాపారి ఆదిశేషయ్య తన ఇంట్లో అందరికీ భోజనాలు పెడతాడు. ఆయన అంగడికి తేనె వేసే చెంచమ్మకూ పిలుపు ఉంటుంది. బిడ్డ మనసు కాస్త మళ్లుతుందని ఆమె మమతను వెంటబెట్టుకొని వెళ్లింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడేస్తున్నానని ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

ఆదిశేషయ్య చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకొని పోవచ్చు. నవ్వుతూ పలకరించి, ఎప్పటిలాగే పెరట్లో రేకుల కింద రెండు విస్తళ్లు వేయించాడు. లోపల హాల్లో బంతి సాగుతోంది. మమత విస్తరి ముందు నుంచి లేచింది. ఈడా అంతేనా అమ్మా, అని అడిగింది. చెంచమ్మ బిడ్డను రెక్క పట్టి మళ్లీ కూర్చోబెట్టింది.

వడ్డిస్తున్న ఉషశ్రీ ఆ మాట విన్నది. ఆదిశేషయ్య కోడలు, డోన్ పిల్ల. కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు, మామ ఎదుట గొంతెత్తి ఎరగదు. నెయ్యిగిన్నె కింద పెట్టి, అందరూ వినేలా అడిగింది.

"మామా, స్వామి పెండ్లి చేసుకుంటాండేది వీళ్లింటి పిల్లను. వియ్యాలోళ్లను యాడన్నా పెరట్లో కూచోబెడతారా?"

హాల్లో నమిలే నోళ్లు ఆగాయి. ఆదిశేషయ్య ముఖం కందిపోయింది. పెద్దల నాటి పద్ధతిని నిన్న వచ్చినదానివి నువ్వు మార్చేదేందని కసిరాడు. అంత ఇదిగా ఉంటే నువ్వూ పోయి ఆడనే కూచో అన్నాడు. కోపంలో అన్న మాట. సరే మామా అని ఆమె నిజంగానే వెళ్లింది.

తన విస్తరి తెచ్చి మమత పక్కన వేసుకుంది. శెట్టిగారి కోడలు కూర్చోగానే చెంచమ్మ అలవాటు కొద్దీ లేచి నిలబడింది. పుట్టినప్పటి నుంచి నేర్చిన మర్యాద, పాడు మర్యాద. ఉషశ్రీ ఆమెను చేయి పట్టి కూర్చోబెట్టింది. అన్నం కలుపుతూ ఆ అమ్మాయి మాటిమాటికీ హాలు గుమ్మం వైపు చూస్తోంది. భయం లేక కాదు, భయపడుతూనే వచ్చిందని అర్థమై చెంచమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆదిశేషయ్య ఆ పూట దిగిరాలేదు. బంతిలోంచీ ఎవరూ లేచి వీళ్ల దగ్గరికి రాలేదు. ఐతేనేం, ఇన్నేళ్లలో ఆ ఇంటి అన్నం చెంచమ్మ ఒంటికి పట్టింది ఆ రోజే. మావల్ల నీకు మాట వచ్చింది కదా తల్లీ అంటే, వస్తే పడతాలే అంది ఉషశ్రీ. నీ కడుపు చల్లగుండ అని చెంచమ్మ నోరారా దీవించింది.

మర్నాడు మమత నంద్యాల బస్సుకు తయారైంది. చెంచమ్మకు సంతోషమే కానీ, గుండె పీకుతూనే ఉంది. ఆడ నీ పక్కన ఎవరు కూచుంటారే అని అడిగింది.

"ఎవురో వచ్చి కూచోవాలని నేనెందుకు ఎదురుచూడాల మా? ఆయక్క మన పక్కన కూచోలేదా? నేనే పోయి వాళ్ల పక్కన కూచుంటా. లేస్తే వాళ్లే లేస్తారు."