రంజన్ నీళ్ళు తాగిన తెల్ల కుర్తా

మే నెల ఎండలల్ల చొప్పదండి మిద్దెల మీది ట్యాంకు నీళ్ళు ఎట్లుంటయో చూసినోళ్ళకే ఎరిక. పొయ్యి లేకుండనే చాయ్ పెట్టుకోవచ్చు. గసోంటి పగటీలి బాత్రూంల నల్లా పారుతున్న సప్పుడు ఇని, బాలవ్వ మంచం మీదికెల్లి లేచింది. గీ ఎండల గంతసేపు తానం చేసే పిల్ల కాదు మనుమరాలు దీపిక.

పోయి చూస్తే పిల్ల పీట మీద కూసోని ఏడుస్తున్నది. చేతుల తెల్ల కుర్తా, అంచులకు ముత్యాల పని. అది దీపికది కాదు, దోస్తు యుమ్నాది. రేపు వాళ్ళన్న ఇర్షాద్ పెండ్లి దావత్‌ల ఏస్కునేటందుకు వాళ్ళ అబ్బా దుబాయి నుంచి తెచ్చిండు. కాలేజీల ఫేర్‌వెల్ ఉన్నదంటే, "ఒక్క పూట నువ్వేస్కో, పొద్దుమీకి వచ్చి తీస్కపోత" అని యుమ్నానే బలిమిటికి ఇచ్చింది. ఫొటోలు దిగుడైంది, డ్యాన్సులైనయి. ఇంటికొచ్చి చూస్కుంటే ఎనుక నెత్తురు మరక.

"ఎంత రుద్దినా పోతలేదు బాపమ్మా. ఇంకింత నల్లబడ్డది."

బాలవ్వ నల్లా కింద ఏలు పెట్టి సటుక్కున గుంజుకున్నది. "ఉడుకునీళ్ళు గదనే గివి. నెత్తురంటే కోడిగుడ్డు తీరు, ఉడుకు తాకితే గట్టిపడ్తది. వంటింట్ల మట్టి రంజన్ల సల్లటి నీళ్ళుండంగ గిక్కడికెందుకొచ్చినవ్?"

దీపిక ముక్కు తుడుచుకున్నది. "నేను రంజన్ ముట్టొద్దు గద."

బాలవ్వ నల్లా కట్టేసింది. ఆ కట్టుబాటు పెట్టింది ఆమెనే. బయటున్న దినాలల్ల రంజన్ దిక్కు పోవద్దు, దర్వాజ కాడ వేరే చెంబు, వేరే నీళ్ళు. కోడలు వినోద గూడ అట్లనే ఎల్లదీసింది.

"లే, వంటింట్లకు పా" అన్నది.

బేసిన్ మీద కుర్తాను తిరగేసి, మరకను రెండు చేతులతోని గుంజి పట్టింది బాలవ్వ. "లోపటి దిక్కుకెల్లి పోస్తే అది వచ్చిన తొవ్వల్నే పోతది. ముంచు."

"నేనా?"

"నా చేతులు రెండు బట్ట మీదున్నయి. ముంచేటందుకు సర్పంచ్‌ను పిలువాల్నా?"

దీపిక కండ్లు మూసుకొని చెంబు ముంచింది. రంజన్ గుబుక్కుమన్నది. పిడుగేం పడలే. ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది. రెండో చెంబుకు కండ్లు తెరిచింది, ఆ తర్వాత ఇక ఆపుతె ఆగలే. బేసిన్ల నీళ్ళు చాయ్ రంగుకొచ్చినయి.

తడి మీద ఇంత ఉప్పు పోసి, బట్టల సబ్బు రాసి, ఏలి కొసలతోని మెల్లగ తిప్పింది బాలవ్వ. "బర్రబర్ర రుద్దితె ముత్యాలు పోతయి, మరక ఉంటది. జర నాననీ."

నానేదాక కథ సురువు చేసింది. "మా దేవవ్వక్కకు పెండ్లిచూపులల్లనే గిట్లయింది. మేం చెల్లెండ్లమంత ఆమె ఎనుక అంటుకొనే నడిసినం. కూసుంటే కూసున్నం, లేస్తే లేసినం. పిల్లగాని తల్లి చూసి, అక్కచెల్లెండ్లకు ఎంత ప్రేమనో అని గప్పుడే ఒప్పుకున్నది."

దీపిక నవ్వుతుంటే చెంబుల నీళ్ళు బాలవ్వ ఒళ్ళె పడ్డయి.

పిండి చూస్తే మరక నీడ లెక్క మిగిలింది. "ఎండల ఏద్దామా?" అన్నది పిల్ల. "మొత్తం పోయేదాక ఎండ తాకద్దు, ఇస్త్రీ తాకద్దు. మళ్ళ పట్టుకుంటది." ఇంకో ఇడుత ఉప్పు, ఇంకో ఇడుత సబ్బు, రంజన్ అడుగు నీళ్ళు. ఈసారి ఎటు తిప్పి చూసినా తెల్లగనే. తీస్కపోయి ఫ్యాన్ కింద ఆరేసిండ్రు.

బీడీలిచ్చి కార్ఖానకెల్లి వచ్చిన వినోద దూపకాగలేక రంజన్ల చెంబు పెట్టింది. టక్కుమన్నది. "నీళ్ళేవి?"

"కుర్తా తాగింది" అన్నది బాలవ్వ.

వినోద తడిసిన నేలను చూసింది, బిడ్డ చేతుల్ని చూసింది. "ఎవలు ముంచిండ్రు?"

"నేనే ముంచమన్న."

"ఇన్నేండ్లు నన్ను దర్వాజ కాడ కూసోబెడితివి గదా అత్తమ్మా."

"నువ్వెన్నడన్న ముత్యాల కుర్తా తెచ్చినవా?"

వినోద కొంగు నోట్లె పెట్టుకొని నవ్వింది. "ఖాళీ చేసినోళ్ళే నింపుండ్రి" అని బిందె దీపిక చేతికిచ్చింది.

పొద్దుమీకి యుమ్నా వచ్చింది. దీపిక దాయకుండ అంతా చెప్పింది. యుమ్నా కుర్తాను ముందు ఎనుక తిప్పి, వాసన చూసి, "గింతదానికి ఏడ్చినవా పిచ్చిదానా, ముత్యాలు గూడ కొత్తగైనయి. జర నీళ్ళు తాపియ్యి" అన్నది.

దీపిక బాపమ్మ దిక్కు చూసింది.

"నాక్కూడ ఒక చెంబు తే" అన్నది బాలవ్వ.

గప్పుడే నింపిన నీళ్ళు, ఇంక గోరువెచ్చగనే ఉన్నయి. బాలవ్వ చెంబెత్తి గటగట తాగి, మూతి తుడుచుకొని, "సల్లగున్నయి" అన్నది.