మోటారు ఆగిందన్న కబురు

కొండ కింద పంపుహౌసు. ఇరుకు గదిలో ఒక మోటారు, దాని పక్కన స్విచ్చులున్న ఇనుప పెట్టె, ఓ మంచం. మోటారు ఆగితే ఊరికి నీళ్లుండవు గనుక, ఆపరేటరు దాన్ని కనిపెట్టుకుని అక్కడే పడుకునేవాడు. ఇల్లు చూసేది వారానికొక్కసారి. ఇప్పుడు భార్య కుడిచెయ్యి విరిగి కట్టులో ఉంది. పక్కింటివాళ్లు అన్నం పెడుతున్నారు, మరి జడ ఎవరు వేస్తారు? ఆ సంగతే అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

మోడెం బిగించి, మోటారు ఆగిన కబురు ఫోనుకి వచ్చేలా చేస్తే ఇంట్లోనే పడుకోవచ్చనీ, కబురు రాగానే సైకిలెక్కి వస్తే చాలనీ ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. ఈ పూట కుదరకపోతే మెకానిక్ మళ్లీ వచ్చేది పై నెలలోనే.

మెకానిక్ పడుచుపిల్ల. మోడెంలో సిమ్ వేసి, ఇనుప పెట్టెలో బిగించి, నెట్‌వర్కు సెట్టింగులు ఎక్కించింది. ఇనుప పెట్టెలో సిగ్నల్ అందదని యాంటెనాను కిటికీలోంచి తీసి బయటి గోడకి బిగించింది. మోడెం మీద పచ్చదీపం వెలిగి నిలిచింది.

“మీ నంబరు చెప్పండి బాబాయ్.”

అతను గడగడా అప్పజెప్పాడు. ఆమె మోటారు ఆపింది. ఇద్దరూ మంచం మీది ఫోను వైపు చూశారు. అది ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నడిపి ఆపింది. మళ్లీ అంతే.

“దీపం పచ్చగానే ఉందే! మీ ఫోను అలిగిందా ఏంటి?”

“అలకలన్నీ మా ఇంటిదానివేనమ్మా. ఇదెప్పుడూ అలగలేదు.”

అన్నాడే గానీ, ఇక పై నెలదాకా ఇక్కడేనని మంచం మీద చతికిలబడ్డాడు. ఆమె సామాను సర్దబోయి, అతని మొహం చూసి, స్క్రూడ్రైవరు మళ్లీ బయటికి తీసింది.

అప్పుడు ఫోను మోగింది. భార్య. కంగారులో స్పీకరు నొక్కాడు.

“ఏమయ్యా, బుద్ధుందా? మోటారు ఆగింది, మోటారు ఆగింది అని ఒకటే మెసేజీలు! నీకేమైందోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నా. ఎడంచేత్తో నొక్కేసరికి ఇంతసేపు పట్టింది!”

అతను నాలుక కరుచుకున్నాడు. అతనికి కంఠతా వచ్చిన నంబరు భార్యదొక్కటే. తనకి తాను ఏనాడు ఫోను చేసుకున్నాడు గనుక?

మెకానిక్ పగలబడి నవ్వింది. “ఇంతకీ మీ నంబరేంటి బాబాయ్?”

ఎక్కడైనా రాసుందేమోనని అతను ఫోను వెనక్కి తిప్పి చూశాడు.

“నేను చెబుతా, రాసుకో అమ్మాయ్,” అంది భార్య. తడుముకోకుండా ఒక్కో అంకె చెప్పింది.

ఈసారి మోటారు ఆగగానే అతని చేతిలో ఫోను కిచకిచమంది.

“పిన్ని నంబరు తీసెయ్యనా?”

“ఉండనీ తల్లీ. నాది మొద్దునిద్ర. లేపడానికి మనిషి కావాలిగా.”

“లేపుతాలే, ముందు రా,” అంది భార్య. “వస్తూ వస్తూ దువ్వెన కొనుక్కురా. ఉన్నదాని పళ్లు ఊడిపోయాయి.”

అతను మంచం మీది దుప్పటి మడతపెట్టసాగాడు.